పన్నెండు బారల మర్యాద

ఆ రోజుల్లో యంత్రాలకి ఇంత వాగుడు లేదు. ఇప్పుడు మా ఇంట్లో బట్టలుతికే మిషను కూడా పనైపోగానే పాట పాడుతుంది, లిఫ్టు తలుపులు మూస్తున్నానని చెప్పి మరీ మూస్తుంది, ఇక ఫోను సంగతి చెప్పనే అక్కర్లేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మేము తయారుచేసే సర్క్యూట్ బోర్డుకి మాత్రం నోరూ లేదు, చెవీ లేదు. లోపల ఏం జరుగుతోందో దానికీ ఆ పైవాడికీ తెలియాలి. దానికి నోరు పెట్టే పని నా నెత్తిన పడింది. పెట్టాను. పెట్టి ఊరుకుంటే ఈ కథే లేదు, దానికి మర్యాద కూడా నేర్పాను. ఆ మర్యాద పొడవు అక్షరాలా పన్నెండు బారలు. (కొలిచింది నేను కాదు, చేతులు చాపి తాళ్ళు కొలవడంలో ఆరితేరిన బోటు మనుషులు. కాబట్టి లెక్కలో అనుమానం పెట్టుకోకండి.)

మర్యాద పిచ్చి నాకు మా దాదీ నుంచి, అంటే మా నాన్నమ్మ నుంచి వచ్చింది. తెనాలిలో మా ఇంటికి ఎవరొచ్చినా, పాలవాడైనా సరే, ముందు క్షేమసమాచారాలు అయితే గానీ వచ్చిన పని ఎత్తడానికి వీల్లేదు. చిన్నప్పుడు ఓసారి పక్కింటికి పరిగెత్తుకెళ్ళి "పెద్దమ్మా, మీ గేదె తాడు తెంపుకుంది" అని చెప్పొచ్చినందుకు దాదీ నన్ను వెనక్కి పంపించింది. మళ్ళీ వెళ్ళి, "బాగున్నారా పెద్దమ్మా, పెదనాన్నగారికి నడుంనొప్పి తగ్గిందా" అని అడిగి, అప్పుడు గేదె సంగతి చెప్పి వచ్చాను. (అప్పటికి గేదె రైలుకట్ట దాకా వెళ్ళిపోయింది.) "ముందు సలాం, తర్వాత కలాం" అనేది దాదీ. ముందు పలకరింపు, ఆ తర్వాతే మాట. నేను ఇంజనీరింగ్ నాలుగేళ్ళలో నేర్చుకున్నవన్నీ కలిపినా ఈ ఒక్క సూత్రం అంత గట్టిగా నా బుర్రలోకి ఎక్కలేదు.

ఉద్యోగం బాపట్లలో. రోజూ పొద్దున్నే తెనాలిలో పాసింజరు ఎక్కి వెళ్ళేదాన్ని. స్టేషనుకి దగ్గర్లో ఎరువుల కొట్టు మీద రెండు గదులు, అదే కంపెనీ. మొత్తం మనుషులం నలుగురం. నాలుగు మెట్లెక్కేసరికి యూరియా వాసన, ఎనిమిది మెట్లెక్కేసరికి టంకం వాసన. మా యజమానిని మేమంతా గడియారం సార్ అనేవాళ్ళం. చేతికి ఒకటి, గోడకి మూడు గడియారాలు ఆయనకి. "మూడూ ఒకే టైము చూపిస్తున్నప్పుడు ఒకటి చాలదా సార్" అని నేను మొదటిరోజే తెలివి ప్రదర్శించాను. "ఒకటే ఉంటే, అది తప్పినప్పుడు ఎవరు చెప్తారమ్మా?" అన్నారాయన. మా బోర్డు మీద నడిచేది రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్. మామూలు కంప్యూటరు పని కాసేపు ఆగి చేసినా మనం తిట్టుకుని ఊరుకుంటాం. దీనితో అలా కుదరదు, ఏ పని ఏ క్షణానికి జరగాలో ఆ క్షణానికి జరిగిపోవాలి. ఆలస్యంగా చేసిన సరైన పని కూడా తప్పు పనే అని సార్ రోజుకి రెండుసార్లు చెప్పేవారు, ఒకసారి టిఫిన్‌కి ముందు, ఒకసారి నేను రైలు దిగి ఆలస్యంగా వచ్చినప్పుడు.

అప్పుడు మా చేతిలో ఉన్న పని చేపల బోటు మీద వల లాగే కొత్త వించికి ఓ బోర్డు. రేపల్లె అవతల రేవులో ఓ బోటు ఉంది. దాని యజమానురాలిని రేవంతా అత్తా అనే పిలిచేది, నేనూ అలాగే పిలిచాను. ఆ బోటు నడిపే సరంగు ఆవిడ తమ్ముడు. ఆయన్ని నేను బాబాయ్ అనేదాన్ని. ఆయన కుడిచేతికి చూపుడు వేలూ మధ్య వేలూ లేవు. పాత వించి ఓసారి నడిసముద్రంలో దానంతటదే ఆగింది. తాడు ఎక్కడో ఇరుక్కుంది కాబోలు అని ఈయన చెయ్యి పెట్టాడు. అది దానంతటదే మళ్ళీ తిరిగింది. అంతే. మా బోర్డు చేయాల్సింది ఇదీ: సెకండులో వందో వంతుకోసారి తాడు బిగువు చూసుకోవాలి, బిగువు మితిమీరితే వించిని ఆపాలి, ఎందుకు ఆపిందో చెప్పాలి, మనిషి బటను నొక్కేదాకా మళ్ళీ తిరగకూడదు. ఏటా చేపలు గుడ్లు పెట్టే కాలంలో ఉండే వేట నిషేధం ఇంకో పది రోజుల్లో ముగుస్తుంది. ఆ లోపల బిగిస్తే మా బోర్డుతో సముద్రంలోకి వెళతారు, లేకపోతే ఆ పాత వించితోనే వెళతారు. అలలు మా కోసం ఆగవు, అత్త అసలే ఆగదు.

చెప్పడం ఎలా అన్నది ప్రశ్న. ఇంజను మోతలో గంట వినపడదు, ఎండలో తెర కనపడదు. అందుకని సార్ ఓ చిన్న ప్రింటరు తెచ్చారు, టిఫిన్ హోటళ్ళలో బిల్లు చీటీ కొట్టే లాంటిది. బోర్డుకీ దానికీ మధ్య ఓ సీరియల్ తీగ. ఆ తీగ మీద అక్షరాలు ఒకటి వెనక ఒకటి వరసగా వెళతాయి. ఆ వెళ్ళడాన్ని నడిపించే ప్రోగ్రామునే కన్సోల్ డ్రైవర్ అంటారు. అది రాయడం నా మొదటి సొంత పని. రాశాను. నా డ్రైవర్ ఒక అక్షరాన్ని తీగలోకి తోసేది, అది క్షేమంగా వెళ్ళిందా లేదా అని చూస్తూ నిలబడేది, వెళ్ళాక రెండోది తోసేది. మొదటిసారి ప్రింటరు నుంచి "హలో" అని చీటీ బయటికి వచ్చినప్పుడు నేను కుర్చీలోంచి లేచి అరిచిన అరుపుకి కింద ఎరువుల కొట్టాయన పైకి పరిగెత్తుకొచ్చాడు. ఆయనకీ ఒక హలో కొట్టి ఇచ్చాను.

బోర్డు తీసుకుని సార్‌తో కలిసి రేవుకి వెళ్ళాను. జెట్టీ పక్కన వించి తాడుకి ఓ పాత లంగరు కట్టి లాగించాం. బరువు మించగానే వించి టక్కున ఆగింది, చీటీ వచ్చింది. నాకు గర్వంతో కాళ్ళు నేలమీద ఆనలేదు. సరంగు బాబాయి చీటీ చింపి చూశాడు. "ఎర్రర్ త్రీ. ఓవర్‌లోడ్. స్టాప్." ఆయన మొహం ఎర్రబడింది.

"ఏంటండీ ఇది? స్టాప్ అంటదేంటి నన్ను? నలభై ఏళ్ళు సముద్రం మీద తిరిగినోణ్ణి, నిన్న పుట్టిన డబ్బా నన్ను పోలీసోళ్ళు బండి ఆపినట్టు ఆపుద్దా?"

"అది ఇంగ్లీషు బాబాయ్, దానికి అలా చెప్పడమే వచ్చు" అన్నాను.

"వచ్చినోళ్ళు రాసుంటే వచ్చేదే పాపా. నీకు నేర్పినోళ్ళు నీకు మర్యాద నేర్పలా?"

ఆ మాట నాకు దిగాల్సిన చోటే దిగింది. మా దాదీ పెంపకానికే మచ్చ! సార్ నవ్వేసి, "తెలుగులో రాయమ్మా, కాస్త మర్యాదగా ఉండేట్టు" అన్నారు. ఆ ప్రింటరుకి తెలుగు లిపి రాదు గానీ, వాట్సాప్‌లో మనం కొట్టుకునే ఇంగ్లీషు అక్షరాల తెలుగు చాలు. మనవరాలి మెసేజీలు చదివీ చదివీ ఆ భాష బాబాయికి కొట్టిన పిండి.

కాస్త మర్యాదగా అన్నారు సార్. ఆ కాస్త అన్న మాట నేను రైల్లోనే పారేసుకున్నాను. రెండు రోజులు కూర్చుని, ఆలోచించి, కొట్టేసి, మళ్ళీ రాసి, చివరికి వించి ఆగినప్పుడు రావలసిన చీటీని ఇలా తేల్చాను: "నమస్కారమండి. బాగున్నారా అండి. ఇంట్లో అందరూ కులాసాయే కదండి. మీకు శ్రమ ఇస్తున్నందుకు ఏమీ అనుకోకండి. తాడు మీద బరువు కొంచెం ఎక్కువైనట్టుందండి. అందుకని వించి ఆపానండి. దయచేసి చెయ్యి పెట్టకండి. ఉంటానండి." చదువుకుంటే నాకే కళ్ళు చెమర్చాయి. బల్ల మీద లాప్‌టాప్‌కి తగిలించి పదిసార్లు పరీక్షించాను, పదిసార్లూ పూర్తిగా వచ్చింది. సార్‌కి మాత్రం చూపించలేదు. రేవులో అందరి ముందూ ఆయన్ని ఆశ్చర్యపరుద్దామని నా ఉబలాటం. (ఆశ్చర్యపడ్డారు.)

వేటకి ఇంక రెండు రోజులుందనగా మళ్ళీ వెళ్ళాం. ఈసారి రేవులో సగం మంది చుట్టూ చేరారు. మర్యాద తెలిసిన వించి వస్తోందని అత్త ముందే చాటింపు వేసింది. లంగరు కట్టారు, బటను నొక్కారు, తాడు బిగిసింది, వించి ఆగింది. ప్రింటరు కిర్రుమంది. బాబాయి వంగి బిగ్గరగా చదివాడు.

"నమస్కారమండి. ఓహో! నమస్కారం, నమస్కారం. బాగున్నారా అండి. బాగున్నామమ్మా. ఇంట్లో అందరూ కులాసాయే కదండి. అందరూ కులాసా. మీకు శ్రమ ఇస్తున్నందుకు ఏమీ..."

అక్కడ చీటీ ఆగింది. వించి ఒక్కసారి 'గుక్' మని కుదిపింది. మళ్ళీ ప్రింటరు కిర్రుమంది.

"నమస్కారమండి. బాగున్నారా అండి... ఇప్పుడేగా చెప్పాను, బాగున్నాం! ఇంట్లో అందరూ... ఉన్నారమ్మా ఉన్నారు, వచ్చిన పని చెప్పు! మీకు శ్రమ ఇస్తున్నందుకు ఏమీ..." మళ్ళీ ఆగింది. మళ్ళీ గుక్. మళ్ళీ నమస్కారం.

జనం పొట్టలు పట్టుకున్నారు. బోటు మీద పనిచేసే కళాసీలు కోరస్‌గా "బాగున్నామండీ" అని బదులు చెప్పడం మొదలుపెట్టారు. వల అల్లుతున్న ముసలాయన ఒకాయన, "మా వియ్యంకుడూ ఇంతే, పొద్దున్నొచ్చి పొద్దుగూకినా అసలు సంగతి చెప్పడు" అన్నాడు. ప్రింటరు నోట్లోంచి కాగితం జెట్టీ మీదికి పాకి, గాలికి లేచి, అత్త కాళ్ళకి చుట్టుకుంది. నమస్కారం పెట్టినప్పుడల్లా వించి తల ఊపినట్టు కుదుపుతోంది. బోర్డు ఆన్ అయి లేవగానే మోటారు బాగుందో లేదో చూసుకోవడానికి ఓ చిన్న కుదుపు ఇచ్చేట్టు రాసింది కూడా నేనే. ఏం తక్కువ చేశాను గనక!

నవ్వులు ఎక్కడ ఆగాయంటే, బాబాయి విసుగెత్తి, "దీనికేదో అడ్డం పడిందిరా" అంటూ తాడు దగ్గరికి చెయ్యి పోనిచ్చినప్పుడు. అదే కుడిచెయ్యి. మిగిలిన మూడు వేళ్ళూ తాడు చుట్టుకునే డ్రమ్ముకి జానెడు దూరంలో ఉన్నాయి. చెయ్యి పెట్టకండి అన్న మాట నా చీటీలో ఏడోది. వించి ఇంకా నాలుగో మాట దగ్గర శ్రమకి క్షమాపణ చెప్పుకుంటోంది. గడియారం సార్ ఒక్క గంతులో వెళ్ళి మెయిన్ స్విచ్ లాగేశారు. ఆయన పరిగెత్తగా చూడటం నాకు అదే మొదలు, అదే ఆఖరు.

అత్త కాళ్ళకి చుట్టుకున్న కాగితం విప్పుకుంది. నన్ను తిట్టలేదు, అదే బాధ. "ఇదిగో పిల్లా, నీ మనసు మంచిదే. ఎల్లుండి పొద్దున కల్లా బాగయితే సరే. లేకపోతే ఈ మర్యాదస్తుణ్ణి ఊడబెరికి పాతది బిగిస్తాం. ఎన్నాళ్ళని ఒడ్డున కూర్చుంటారు ఈళ్ళంతా?" అంది. పాతది అనగానే అందరి కళ్ళూ బాబాయి చేతి మీదకి వెళ్ళాయి. ఆయన ఆ చేతిని లుంగీ మడతలోకి దాచుకున్నాడు. కళాసీలు ఈలోపు కాగితం బారలు వేసి కొలిచేశారు. పన్నెండు.

సార్ ఆ పన్నెండు బారలూ ఓపిగ్గా మడతపెట్టి నా చేతిలో పెట్టారు. "ప్రతిసారీ ఒకే అక్షరం దగ్గర తెగింది చూడు. అది అలిగి ఆగడం లేదమ్మా, టైము ప్రకారం ఆగుతోంది. ఎందుకో నువ్వే కనుక్కో" అని టీ తాగడానికి వెళ్ళిపోయారు. నాకేమీ తోచలేదు. బల్ల మీద పదిసార్లు బాగా వచ్చింది ఇక్కడెందుకు రాదు? ఏడుపు ఆపుకోవడానికి ఏదో ఒక పని చెయ్యాలి కాబట్టి, బోటులోకి సామాను ఎక్కిస్తున్న వరసలోకి వెళ్ళి నిలబడ్డాను. ఒడ్డు నుంచి బోటు దాకా మనిషికి మనిషి బారెడు దూరంలో నిలబడి నీళ్ళ టిన్నులూ, బియ్యం మూటలూ, ఖాళీ ట్రేలూ చేతులు మార్చుకుంటున్నారు. నా ముందు అత్త, నా వెనక ఏడుగురు.

నేను టిన్ను అత్తకి అందించి, ఆవిడ దాన్ని అవతలి వాడికి ఇచ్చిందా, వాడు సరిగ్గా పెట్టాడా అని మెడ సాచి చూస్తున్నాను. పెద్దవాళ్ళ చేతికి ఇచ్చి వెంటనే వీపు తిప్పేస్తే బాగుండదు కదా! నాలుగో టిన్నుకి నా వీపుకి ఓ బియ్యం మూట తగిలింది. వెనక వరసంతా గుట్టగా పోగయి ఉంది.

"ఏంటి పిల్లా ఆ చూపులు?" అత్త అరిచింది. "ఇచ్చేసి తిరుగు! ఆడెక్కడ పెట్టుకుంటాడో ఆడి గోల. చెయ్యి ఖాళీ అయితే ఆడే అడుగుతాడు. నువ్విట్టా చూస్తా నిలబడితే నీ ఎనక ఏడుగురు నిలబడాలా?"

నేను టిన్ను పట్టుకుని అలాగే ఉండిపోయాను. నా డ్రైవర్! ఒక్కో అక్షరం తోసి, అది క్షేమంగా చేరిందా అని చూస్తూ నిలబడే నా డ్రైవర్! అది అలా నిలబడినంతసేపూ బోర్డులో మిగతా పనులన్నీ దాని వెనక మూటలు పట్టుకుని నిలబడ్డాయి. వాటిలో ఒకటి కాపలా గడియారానికి హాజరు పలకడం. సెకండులో పదో వంతుకోసారి బోర్డు "ఉన్నాను" అనకపోతే, ఆ గడియారం, పాపం సొమ్మసిల్లిందనుకుని కుదిపి లేపి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టిస్తుంది. లాప్‌టాప్ తీగ మీద అక్షరాలని గబగబా మింగేస్తుంది కాబట్టి ఎంత పొడుగు చీటీ అయినా ఆ లోపల అయిపోయింది. ప్రింటరు తీగ దానికంటే పన్నెండు రెట్లు నెమ్మది. పాత చీటీలో పట్టుమని పాతిక అక్షరాలు లేవు గనక గండం గడిచింది. నా మర్యాద రెండు వందలు దాటింది. పలకరింపులు అయ్యేసరికే గడువు తీరిపోయి, బోర్డు లేచి, మళ్ళీ పలకరింపులతోనే మొదలు. ఇంకెక్కడి అసలు మాట?

"సార్!" అని కేక పెట్టి టిన్ను వదిలేసి పరిగెత్తాను. (టిన్ను అత్త కాలి మీద పడలేదు, పక్కన పడింది. ఆవిడ నేటికీ కాలి మీద పడిందనే చెప్తుంది.) టీ కొట్టు దగ్గర సార్‌కి అంతా ఒక్క గుక్కలో చెప్పాను, పలకరింపు లేకుండా. ఆయన వాచీ చూసుకుని, "నలభై నిమిషాలు పట్టింది. నేనైతే నీ వయసులో మూడు రోజులు తీసుకున్నాను" అన్నారు. అంతకు మించిన మెచ్చుకోలు ఆయన నోట్లోంచి నేనెప్పుడూ వినలేదు.

బయల్దేరబోతుంటే బాబాయి వెనక వచ్చాడు. ఈ మాటలన్నీ పీకేసి మళ్ళీ రెండు ముక్కల్లో రాస్తానని చెప్పాను.

"అట్టా తీసెయ్యమాక పాపా" అన్నాడు. "నడిసముద్రంలో నన్ను బాగున్నావా అని అడిగేదెవరు చెప్పు? ఉండనియ్. కాకపోతే చెయ్యి సంగతి ముందు చెప్పమను. చెయ్యి దక్కాక ఎంతసేపైనా పలకరించుకోవచ్చు."

రేపల్లె నుంచి తెనాలి రైల్లోనే మొదలుపెట్టాను. వేమూరు వచ్చేసరికి కొత్త డ్రైవర్ సగం అయింది. ఇప్పుడు బోర్డులో మాట్లాడదలుచుకున్నవాళ్ళు తమ అక్షరాలన్నీ ఓ బుట్టలో పడేసి తమ పనికి తాము వెళ్ళిపోతారు. ప్రింటరు చెయ్యి ఖాళీ అయినప్పుడల్లా అదే కబురు చేస్తుంది, అప్పుడు బుట్టలోంచి ఒక్క అక్షరం తీసి అందిస్తే చాలు. అత్త చెప్పిందే, ఒక్క ముక్క ఎక్కువా లేదు తక్కువా లేదు. ఆ లేవగానే కుదిపే తెలివిని కూడా పీకేశాను. ఇంటికి చేరాక మాత్రం ఒక సందేహం మిగిలింది. అన్నం తింటూ దాదీని అడిగాను, సలాం వెనక్కి నెట్టి కలాం ముందు పెడితే తప్పా అని. జరిగిందంతా చెప్పించుకుని, వేళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ తినడం ఆపేసింది.

"అరే బేటీ, ముందు సలాం అన్నాను. బావిలో పడబోయేవాడికి కూడా ముందు సలామే అన్నానా? ముందు జబ్బ పట్టుకుని లాగు. ఒడ్డున కూర్చోబెట్టి అప్పుడు పెట్టు సలాం."

"మరి ఆ రోజు గేదె విషయంలో?"

"ఆ గేదె సంగతి నేనే తప్పు చెప్పానులే" అంది దాదీ. పద్నాలుగేళ్ళ తర్వాత నాకు దక్కిన న్యాయం అది.

మర్నాడంతా బాపట్లలో పరీక్షలు, ఈసారి లాప్‌టాప్‌తో కాదు, ఆ నిదానపు ప్రింటరుతోనే, సార్ మూడు గడియారాలూ చూస్తుండగా. ఆ మర్నాడు పొద్దున్నే రేవులో మూడోసారి. బోటు నిండా సామాను ఎక్కించేసి ఉంది, పాత వించి కూడా పక్కనే గోనెపట్టా కప్పుకుని సిద్ధంగా ఉంది. ఈసారి ఎవరూ నవ్వడానికి రాలేదు. తాడు బిగిసింది. వించి ఆగింది, ఆగి, కదలకుండా ఆగే ఉంది. చీటీ వచ్చింది. బాబాయి చదివాడు, ఈసారి నెమ్మదిగా.

"చెయ్యి పెట్టకండి. బరువు ఎక్కువైందండి. వించి ఆపానండి. నమస్కారమండి. బాగున్నారా అండి. ఇంట్లో అందరూ కులాసాయే కదండి. శ్రమ ఇచ్చినందుకు ఏమీ అనుకోకండి. ఉంటానండి."

"అనుకోములే" అన్నాడు బాబాయి. "ఉండు, ఉండు." అత్త వెళ్ళి పాత వించి మీద గోనెపట్టా ఇంకాస్త గట్టిగా బిగించి కట్టింది. ఆ సాయంత్రం బోటు వెళ్ళింది. అది కనపడకుండా పోయేదాకా నేను జెట్టీ మీద నిలబడి, అందించేసి వెనక్కి తిరగమన్న అత్త పాఠం శుభ్రంగా మర్చిపోయి, చూస్తూనే ఉన్నాను.

నెల తిరిగాక ఓ మధ్యాహ్నం బాపట్లలో మా మెట్ల మీద బరువైన అడుగుల చప్పుడైంది. సరంగు బాబాయి! తెల్లచొక్కా, చేతిలో మామిడిపళ్ళ సంచీ. నేను లేచి, దాదీ పెంపకం గనక, "బాగున్నారా బాబాయ్, అత్త బాగుందా, ఇంట్లో..." అని మొదలుపెట్టాను. ఆయన సంచీ కింద పెట్టి, రెండు చేతులూ నా మొహం ముందు చాపాడు.

"ముందు లెక్కెట్టుకో పాపా. ఎనిమిదీ ఉన్నయ్యా?"

నేను నిజంగానే లెక్కపెట్టాను. ఎనిమిదీ ఉన్నాయి. మొన్న నడిసముద్రంలో వల ఏదో మునిగిన దుంగకి తగులుకుందట. వించి ఆగిందట. పాత అలవాటు ప్రకారం చెయ్యి దానంతటదే ముందుకి పోయిందట. అప్పుడే చీటీ బయటికి వచ్చిందట, మొదటి ముక్క కళ్ళబడి చెయ్యి ఆగిందట. ఆయన జేబులోంచి ఆ చీటీ తీసి, మడత విప్పి, నా బల్ల మీద పెట్టాడు. దాని మీద ఉప్పు మరకలున్నాయి. గడియారం సార్ వచ్చి చూశారు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, టైము ఎంతయిందో ఆ పూట చూసుకోలేదు. నేను ఏడ్చానని దాచడం దేనికి, ఏడ్చాను. మామిడిపళ్ళు తింటూ ఏడ్చాను. అంత సంతోషం మళ్ళీ ఏ ఉద్యోగంలోనూ నాకు రాలేదు.

ఆ చీటీని మా దాదీ తన పాన్‌దాన్‌లో, సున్నం డబ్బీ కింద దాచుకుంది. ఇంటికి వచ్చిన వాళ్ళందరికీ, క్షేమసమాచారాలయ్యాక, చూపించేది. ఇప్పుడు దాదీ లేదు. మొన్న తెనాలి వెళ్ళి ఆ పాన్‌దాన్ సర్దుతుంటే చీటీ చేతికొచ్చింది. ఆ బిల్లు కాగితాల మీద అచ్చు ఎన్నాళ్ళో నిలవదు కదా, ఒక్క అక్షరం కూడా మిగల్లేదు, తమలపాకు వాసన మాత్రం ఉంది. ఇన్నేళ్ళలో నేను చాలా డ్రైవర్లు రాశాను, అన్నీ పొదుపుగా మాట్లాడేవే, దేనికీ నమస్కారం పెట్టడం నేర్పలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి ఆ ఖాళీ కాగితాన్ని చెయ్యి పెట్టకండి దగ్గర్నుంచి ఒక్క మాట పొల్లుపోకుండా చదువుకున్నాను. చివర్లో "ఉంటానండి" అన్న చోటికి వచ్చేసరికి, ఆ మర్యాద పిచ్చి పిల్ల ఎదురుగా నిలబడి సెలవడుగుతున్నట్టే అనిపించి, "ఉండమ్మా, ఉండు" అని పైకే అనేశాను.